నిలబడితేనే వచ్చే జవాబు

కాలేజీలో మొదటి రోజు నేను చేసిన మొదటి పని లేచి నిలబడటం. ప్రొఫెసర్ హాజరు పిలుస్తున్నారు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి నానా తిప్పలూ పడి, దాన్ని ముక్కలు చేసి, ఎలాగో పలికారు. నేను లేచి, చేతులు కట్టుకుని, "ప్రెజెంట్ సర్" అన్నాను. అప్పటికి నాకు ముప్పై ఏడేళ్ళు. చేతిలో కారు తాళాలు, ఇంట్లో నాలుగో తరగతి చదివే కూతురు. ఆ సంగతి నా కాళ్ళకి తెలియలేదు. నరసరావుపేట హైస్కూల్లో నేర్పిన పని అవి చేసేశాయి. క్లాసంతా నా వైపు తిరిగింది. నేనేదో అభ్యంతరం చెప్పడానికి లేచానని అనుకున్నారో ఏమో, ఆయన పెన్ను కింద పెట్టి, చెప్పమన్నట్టు చూశారు. చెప్పడానికేమీ లేదు. సిగ్గుతో కూర్చున్నాను.

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీ అది. హైవే ఎక్కకుండా సర్వీస్ రోడ్డు మీదుగా వెళ్ళిపోవచ్చు. ఆ కాలేజీనే ఎంచుకోవడానికి నాకున్న పెద్ద కారణం అదే. లారీల మధ్య డెబ్భై మైళ్ళ స్పీడులో దూరడం నా వల్ల కాదని ఆరేళ్ళ క్రితమే తేలిపోయింది.

నాది డిపెండెంట్ వీసా. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. వర్క్ పర్మిట్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కాలేజీలో చేరానని, తెలుగువాళ్ళంతా తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో చెబితే, ప్లేటులో పులిహోర పెట్టుకుంటున్న ఒకావిడ "ఏం కోర్స్?" అని అడిగింది. స్పీచ్ అన్నాను. ఆవిడ గరిటె ఆగిపోయింది. "స్పీచ్ నేర్చుకుంటే ఏం జాబ్ వస్తుందండీ? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేయకపోయారా, ఎప్పటికైనా పనికొస్తుంది," అంది. ఆవిడ తప్పేమీ లేదు. మావాళ్ళకి చదువంటే అవతలి ఒడ్డున ఉద్యోగం ఉండి తీరాలి. ఉత్త చదువంటే జాలిపడతారు. నాకు మాత్రం ఆ జాలి చూస్తే ఒళ్ళు మండేది.

నాకు ఉద్యోగం అక్కర్లేదని కాదు. అంతకంటే ముందు కావలసింది ఇంకొకటి ఉంది. పొద్దున్నే మా ఆయన లాస్ కొలీనాస్‌లోని ఆఫీసుకీ, అమ్మాయి స్కూలుకీ వెళ్ళిపోతే, మధ్యాహ్నం స్కూల్ బస్సు వచ్చేదాకా ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. అడిగేవాళ్ళు అడిగేది కూడా కూరేమిటి, చొక్కా ఎక్కడ, వైఫై ఎందుకు రావడం లేదు. ఒక్కోరోజు బస్సు దగ్గర మా అమ్మాయిని పిలవబోతే గొంతు పెగిలేది కాదు. పొద్దున్నుంచీ వాడలేదు కదా మరి. ఈ దేశంలో నన్ను కూర్చోబెట్టి 'నువ్వేమనుకుంటున్నావు' అని అడిగే చోటు ఒక్కటి ఉంటే చాలని ఉండేది. ఆ మాట పైకి అనలేక, "టైంపాస్‌కి చేరుతున్నాను," అని మా ఆయనతో చెప్పాను.

స్పీచ్ క్లాసు నేను కోరుకున్నదేమీ కాదు. ఏ చదువు మొదలుపెట్టాలన్నా ముందు ఇది పూర్తి చేయాలని కౌన్సెలర్ చెప్పింది. ప్రొఫెసర్ తనను పేరు పెట్టి పిలవమన్నారు. గురువుని పేరు పెట్టి పిలవడం మా ఇంటా వంటా లేదు. 'సర్' అంటే ఆయనకి ఇబ్బంది, పేరంటే నాకు ఇబ్బంది. చివరికి ఏ పిలుపూ లేకుండా, 'ఎక్స్‌క్యూజ్ మీ'లతోనే నెట్టుకొచ్చాను.

రెండో వారంలో ఆయన ఒక ప్రశ్న వేశారు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మనం వినడం ఎప్పుడు మానేస్తాం? జవాబు నాకు బాగా తెలుసు. అది నా ఇంట్లో రోజూ జరిగేదే. కానీ ఎవరైనా నన్ను పేరు పెట్టి లేపితే కదా చెప్పేది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ లేపరు. ఎవరికి వాళ్ళు కుర్చీలో వాలిపోయి, కాళ్ళు చాపుకుని, మధ్యలో దూరి మాట్లాడేస్తారు. నేను చూసి చూసి, తెగించి లేచి నిలబడ్డాను. ఆయన నవ్వి, కూర్చునే చెప్పవచ్చు అన్నారు. కూర్చున్నాను. కూర్చోగానే జవాబు ఎటో పోయింది. నోట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క మిగల్లేదు.

అప్పుడు పక్క కుర్చీలో అమ్మాయి చిప్స్ నమలడం ఆపి, నాకే వినపడేట్టు, "లేచి చెప్పు. నీకు అలాగే వస్తుందిగా," అంది. మళ్ళీ లేచాను. ఎదుటివాడు ఏం చెబుతాడో మనకి ముందే తెలుసని అనుకున్నప్పుడు వినడం మానేస్తామని చెప్పాను. ప్రొఫెసర్ ఆ మాట బోర్డు మీద రాశారు. అప్పటినుంచి ఆయన నన్ను కూర్చోమనలేదు. క్లాసులో జవాబు చెప్పేటప్పుడల్లా నిలబడేది నేనొక్కదాన్నే. మొదట్లో నవ్వుకున్నవాళ్ళు తర్వాత అలవాటు పడిపోయారు.

ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. క్లాసయ్యాక పార్కింగ్ లాట్‌లో నా వెనకే వచ్చి, "నువ్వు మిలిటరీలో పనిచేశావా?" అని అడిగింది. నేను ఎంతగా నవ్వానంటే కారు తాళం కింద పడిపోయింది. మా ఊళ్ళో బడి అంటే ఎలా ఉండేదో చెప్పాను. వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బల గురించి కూడా చెప్పాను. తను శ్రద్ధగా విని, వాళ్ళమ్మ కూడా డాక్టరు ముందు అలాగే నిలబడుతుందని చెప్పింది. వాళ్ళింట్లో ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా, చెల్లెలి స్కూలుకైనా మాట్లాడటానికి చిన్నప్పటినుంచీ ఈ పిల్లనే తీసుకెళ్ళేవారట. "అందరి మాటలూ నేనే మాట్లాడతాను. ఇక్కడికొస్తే నా మాట నేను మాట్లాడుకుంటాను. అందుకే వస్తాను," అంది. నేను ఎందుకొస్తానో అప్పుడు నాకూ తెలిసింది. తను చెప్పినంత సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాతి వారం నేను వెళ్ళేసరికి నా కుర్చీ మీద తన బ్యాగు ఉంది. నన్ను చూసి బ్యాగు తీసి కింద పెట్టింది. ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి గురువారం అంతే. ఉంచమని నేను అడగలేదు, ఉంచుతానని తను చెప్పలేదు. క్లాసులో కుర్చీలకి కొరతేమీ లేదు, సగం ఖాళీగానే ఉండేవి. అయినా నా కోసం ఒకటి ఆపి ఉంచేది.

అక్టోబర్‌లో మా అమ్మాయికి జ్వరం వచ్చి ఒకరోజు కాలేజీ మానేశాను. కుక్కర్ మూడో విజిల్ వేస్తుండగా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. కుర్చీ, దాని మీద బ్యాగు. కింద 'ఎక్కడున్నావు?' అని ఒకే ఒక్క మాట. నేను స్టవ్ కట్టేసి, గట్టు పట్టుకుని ఏడ్చాను. ఆరేళ్ళలో నేను ఒక చోట లేనన్న సంగతి ఎవరైనా గమనించడం అదే మొదటిసారి. కాలేజీ వల్ల ఏమొస్తుందని పాట్‌లక్ ఆవిడ మళ్ళీ అడిగితే ఆ ఫోటో చూపించాలనుకున్నాను. చూపించినా ఆవిడకి కుర్చీయే కనిపిస్తుంది.

ఆ నెలాఖరున మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూనే చెప్పారు.

"నెక్స్ట్ ప్రాజెక్ట్ మోరిస్‌విల్‌లో కన్ఫర్మ్ అయింది. నవంబర్ ఫస్ట్ వీక్‌కల్లా అక్కడ రిపోర్ట్ చేయాలంట."

"నా క్లాసు డిసెంబర్ దాకా ఉందండీ."

"మిగిలింది ఆన్‌లైన్‌లో కంప్లీట్ చేసెయ్. మాట్లాడ్డమే కదా, ఎక్కడైతే ఏముంది?"

మా ఆయన చెడ్డవారు కాదు. ప్రాజెక్ట్ వద్దంటే వీసా గతేమిటో మా ఇద్దరికీ తెలుసు. అందుకే నేను వాదించలేదు. కానీ 'ఎక్కడైతే ఏముంది' అన్న మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. సామాను సర్దుతున్నన్ని రోజులూ గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి. ఆయన వినీ విననట్టు ఊరుకున్నారు.

నా చివరి క్లాసు రోజున ఆ పిల్ల నన్ను కౌగిలించుకుని, సెమిస్టర్ అయ్యేదాకా ఆ కుర్చీ మీద బ్యాగు తీయనంది. ప్రొఫెసర్ నాకు ఆన్‌లైన్ విద్యార్థుల నిబంధనలు పంపించారు. ఆఖరి ప్రసంగం ఒక్కటే మిగిలింది. 'నేను కాలేజీకి ఎందుకు వస్తాను' అన్నదే విషయం. వీడియో తీసి, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకి ముందే పంపాలి. గోడకి చెప్పి పంపితే కుదరదు. ఎదురుగా కనీసం అయిదుగురు పెద్దవాళ్ళు కూర్చుని వినాలి, వాళ్ళ మొహాలు వీడియోలో కనపడాలి. చివర్లో వాళ్ళలో ఒకరైనా ప్రశ్న అడగాలి, దానికి నేను జవాబు చెప్పాలి. పిల్లలు లెక్కలోకి రారు.

వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్‌లో నాకు తెలిసిన పెద్దమనిషి ఒక్కరే. ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను.

మూడో అంతస్తు, కిటికీ నిండా పైన్ చెట్లు. అట్టపెట్టెలు హాల్లోనే ఉన్నాయి. మొదటి మంగళవారం క్లాసు వేళకి ఫోటో వచ్చింది. బ్యాగు ఉంది, కుర్చీ ఉంది. గురువారం కూడా వచ్చింది. రెండో మంగళవారం రాలేదు. ఫోన్ ముందు పెట్టుకుని క్లాసు అయిపోయే వేళ దాకా చూశాను. ఆ పిల్లని తప్పు పట్టడానికేమీ లేదు. లేని మనిషి కోసం ఎన్నాళ్ళని బ్యాగు పెడుతుంది?

ఇక మిగిలింది నలుగుర్ని వెతకడం. మా అపార్ట్‌మెంట్లలో తెలుగు వాళ్ళకి లోటు లేదు. సాయంత్రం పోస్ట్ బాక్సుల దగ్గర నిలబడితే అన్ని జిల్లాల యాసలూ వినబడతాయి. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళని పట్టుకుని, 'మా ఇంటికొచ్చి నా స్పీచ్ వినండి' అని అడగడం ఎలా? నాలుగు సాయంత్రాలు పోస్ట్ బాక్సు తెరిచి, మూసి, వచ్చేశాను. అయిదో రోజు పక్క బ్లాకులో ఉండే ఒకావిడ తనే పలకరించింది. ఆ ఊపులో, "శనివారం పొద్దున మా ఇంటికి రండి, అందరూ రండి. ఏమీ లేదు, ఊరికే," అన్నాను. అలాగే మా కింది అంతస్తులో ఉండే జంటనీ పిలిచాను. స్పీచ్ సంగతి ఎవరికీ చెప్పలేదు. టిఫిన్ పెట్టి, మెల్లగా చెబుదామనుకున్నాను.

కొత్తగా ఇల్లు మారిన వాళ్ళు కార్తీకమాసంలో శనివారం పొద్దున్నే రమ్మని పిలిచి, ఎందుకని అడిగితే 'ఊరికే' అంటే తెలుగు వాళ్ళకి అర్థం ఒక్కటే. ఆ మాత్రం నాకు తట్టాలి. ఆరేళ్ళు ఒంటరిగా ఉండి మనుషుల లెక్కలు మరిచిపోయానో ఏమో, తట్టలేదు.

తలుపు తీసేసరికి పక్క బ్లాకు ఆవిడ పట్టుచీరలో ఉంది. వాళ్ళాయన పంచె కట్టుకున్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళత్తగారి చేతిలో పళ్ళెం, అందులో అరటిపళ్ళు, కొబ్బరికాయ. కింది అంతస్తు జంట పూలు తెచ్చారు. అందరూ చెప్పులు విడిచి లోపలికొచ్చి, అట్టపెట్టెల మధ్య పీట కోసం వెతుకుతున్నారు.

"పీటలు ఇంకా వేయలేదా అండీ?" అంది పట్టుచీర ఆవిడ.

 మా ఆయన వంటింట్లోకి తప్పుకున్నారు. "వ్రతం కాదండీ," అన్నాను. "నాకు కాలేజీలో ఒక అసైన్‌మెంట్ ఉంది. నేను మాట్లాడుతుంటే మీరు కూర్చుని వినాలి."

 పెద్దావిడ కోడలి చెవిలో, "అయితే కాఫీ తాగొచ్చా?" అంది. ఆ ముసలి ప్రాణం పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదని అప్పుడు తెలిసి నా తల కొట్టేసినట్టయింది. అందరికీ కాఫీలు కలిపి ఇచ్చాను. కింది అంతస్తాయన గ్లాసు అందుకుంటూ, "ఏం ఫికర్ చేయకుండ్రి మేడం. చెప్పుండ్రి, వింటం," అన్నాడు. ఆ మాటకి నా ప్రాణం లేచి వచ్చింది.

అట్టపెట్టెల మీద ఫోన్ నిలబెట్టాను. ఒక్కొక్కరి మొహం కనబడేట్టు తిప్పి చూపించి, వాళ్ళ ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

ఇంగ్లీషులోనే మాట్లాడాను. కాలేజీకి చాలామంది డిగ్రీ కోసం వస్తారు, నేను గొంతు వాడుకోవడానికి వచ్చానని మొదలుపెట్టాను. ఇంట్లో నన్ను అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు బీరువాలోనో ఫ్రిజ్‌లోనో ఉంటాయనీ, కాలేజీలో అడిగిన ప్రశ్నకి జవాబు నా లోపల వెతుక్కోవాల్సి వచ్చిందనీ చెప్పాను. నిలబడితే తప్ప నాకు మాట రాదనీ, అది చూసి నవ్వని ఒక అమ్మాయి ఉందనీ, తను నా కుర్చీ మీద బ్యాగు పెట్టేదనీ చెప్పాను. మనం రాని రోజున మనం రాలేదని ఒకరికి తెలియడం ఎంత పెద్ద విషయమో, అది నాకు కాలేజీ ఇచ్చిందని చెప్పాను.  మధ్యలో ఆపకుండా ముగించాను.

"ఎనీ క్వశ్చన్స్?" అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. వ్రతకథ విన్నట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దించుకుని, ఎంతో భక్తిగా విన్నారు. కథ చివర ప్రశ్నలడిగే అలవాటు మనకెక్కడిది? ఇర్వింగ్‌లో అయితే చిప్స్ సంచి పక్కన పెట్టి, మొట్టమొదట చెయ్యెత్తేది ఆ పిల్లే. ఫోన్ మీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. పెద్దావిడ తల ఎత్తి, "అయిపోయిందా అమ్మా?" అంది. "అయిపోయిందండీ," అన్నాను. దాన్ని ప్రశ్న కింద లెక్కేస్తారో లేదో నాకు తెలియదు. కనీసం ఒక్కరు, ఏదో ఒకటి, మాటవరసకైనా అడగకూడదా అని నా మనసు ఏడుస్తోంది.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆయన చెయ్యి ఎత్తారు. బళ్ళో పిల్లాడిలా, భుజం దాకా మాత్రమే. ఏదైనా అడిగితే ఇంగ్లీషులో అడగాలని ఆయనకి నేను ముందే చెప్పి ఉంచాను. ఆ సంగతి ఆయన మరిచిపోయారు. ఆయన మొహంలో నేను ఎన్నడూ చూడని కంగారు ఉంది.

"మరి ఇక్కడో?" అన్నారు. "ఇక్కడ ఎవరున్నారు నీకు?"

నేను నిలబడే ఉన్నాను. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. అందరూ నా మొహం వంక చూస్తున్నారు. జవాబు రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. చివరికి వెళ్ళి ఫోన్ ఆపేశాను. ఇడ్లీలు వడ్డించాను. బాగున్నాయని అందరూ అన్నారు. వెళ్ళేటప్పుడు పక్క బ్లాకు ఆవిడ, "మీ ఇంగ్లీష్ చాలా బావుందండీ, ఎక్కడైనా ట్రై చేయొచ్చు మీరు," అంది. కొబ్బరికాయ వెనక్కి తీసుకెళ్ళకూడదని ఇక్కడే వదిలి వెళ్ళారు.

మళ్ళీ తీద్దామంటే వాళ్ళని మళ్ళీ పిలిచే మొహం నాకు లేదు. ఉన్నదే పంపించాను. సోమవారం ప్రొఫెసర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ప్రసంగం చాలా నచ్చిందట. ఇంత మర్యాదగా వినే శ్రోతల్ని ఆయన తన ఉద్యోగంలో చూడలేదట. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి అడిగిన ప్రశ్న మాత్రం ఆయనకి అర్థం కాలేదట. దానికి నేను జవాబు చెప్పకపోవడం ఆశ్చర్యంగా ఉందట. ఆ మనిషి ఏం అడిగారో ఒక్క వాక్యం రాస్తే మార్కులు వేసేస్తానన్నారు.

ఆ మెయిల్ చూసేటప్పటికి ఇంట్లో ఎవరూ లేరు. ఆయన నా భర్త అనీ, టిఫిన్ ఎప్పుడు పెడతావని అడిగారనీ రాశాను. లేచి నిలబడి చెప్పాల్సి వస్తే ఆ మాట నా నోట వచ్చేది కాదు. కూర్చునే టైప్ చేశాను కాబట్టి సరిపోయింది.